గ్రహాంతర చిత్రములలో ప్రాతకాలపు ప్రేమభాషణము

గడచిన వేసవి సెలవులలో నొక రాత్రి మా యింట నందఱము కూర్చుండి యొక యాంగ్లేయ చలనచిత్రమును జూచితిమి. అది జార్జి లూకాస్ 2002వ సంవత్సరమున వెలువరించిన 'స్టార్ వార్స్' కథలలో నొకటి. 'ఎటాక్ ఆఫ్ ది క్లోన్స్' అని దాని పేరు. మా గృహిణియు, మా కూఁతురును, మేనల్లుఁడును, వాని స్నేహితు లిద్దఱును మాతోఁ గూడ నుండిరి. ఓడలు నక్షత్రముల నడుమ సంచరించుచుండఁగా, కత్తులకు మాఱుగా వెలుఁగు దండములు మెఱయుచుండఁగా, బాలురు ఱెప్ప వాల్పక చూచుచుండిరి. అంతలో నాయకుఁడు నాయికతో సరస్సు తీరమున నిలిచి, తనకు ఇసుక యనిన గిట్టదనియు, ఇచ్చటి వస్తువు లన్నియు మృదువుగా నున్నవనియు నేమేమో చెప్పి యామె వీపును స్పృశించెను. బాలురు మువ్వురును గొల్లుమని నవ్విరి. పిదప మంట గూటి యొద్ద నతఁడు తన హృదయవేదనను వెల్లడించినప్పుడు వారి నవ్వున కంతము లేకపోయెను. మా కూఁతురు మాత్రము నవ్వలేదు. "నాన్నగారూ, తన్నట్లు చూడవద్దని యామె యిందాకనే చెప్పినది గదా! అతఁడు మరల నట్లే చూచుచున్నాఁడేమి?" అని యడిగెను.

సినిమాలను గూర్చి యీ పత్రికలో వ్రాయుట తగునా యని శంకించు చదువరులు కొందఱుందురు. వారిని మన్నింపుఁ డని వేఁడి, మే మిట్లు విన్నవించుచున్నాము. మన బాలబాలికలు ప్రేమ నెట్లు చెప్పవలయునో తల్లిదండ్రుల వలన నేర్చుకొనుట లేదు. మన మా మాట యెత్తము. బడిలో మేమును నేర్పుట లేదు. శృంగారశ్లోకము వచ్చిన పుట త్రిప్పివేయు నుపాధ్యాయుల జాబితాలో మా పేరును గలదు. వారు దానిని తెరమీఁది బొమ్మల వలననే నేర్చుకొనుచున్నారు. కావున నా బొమ్మల పలుకులకుఁ బుట్టుపూర్వోత్తరము లేమో విచారించుట గృహస్థులకుఁ దగని పని కాదు.

మొదట నొక విషయము విస్మయకరముగాఁ దోఁచును. రాఁబోవు యుగములను, అన్యగ్రహములను జూపు చిత్రములలో యంత్రములు క్రొత్తవి, వస్త్రములు క్రొత్తవి, ఆయుధములు క్రొత్తవి. ప్రేమించువారి మాటలు మాత్రము తాతలనాఁటివి. దీనికిఁ గారణము వెదకుటకు సినిమా పుట్టుకకు ముందునకుఁ బోవలయును. నేఁడు మనము సైన్సు ఫిక్షన్ అను కథలకు హెచ్. జి. వెల్సు కాలమున 'సైంటిఫిక్ రొమాన్సు' లని పేరు. రొమాన్సు అనఁగా నప్పుడు వలపు కథ యని యర్థము కాదు. వీరులు, దూరదేశములు, అద్భుతములు గల యితిహాసము. వాల్టర్ స్కాట్ 1819లో వెలువరించిన 'ఐవాన్హో' యా కోవలోనిది. ఆ వీరకథలలో వీరుఁడు వనితను దేవతగాఁ గొలుచుట యాచారము. కథలు భూమిని వదలి యాకాశమున కెగిరినప్పుడు ఆ యాచారమును మూటకట్టుకొనియే యెగిరినవి.

ఇందుకు నిదర్శనము ఎడ్గర్ రైస్ బరోస్ అను అమెరికా రచయిత 1912లో నొక మాసపత్రికయందు ఖండశః ప్రకటించిన అంగారకగ్రహ కథ. అది 1917లో 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' అను పేర గ్రంథమయ్యెను. అందు జాన్ కార్టర్ అను భూలోకపు సైనికుఁడు కుజగ్రహమునకుఁ బోయి, డెజా థోరిస్ అను రాజపుత్రికను రక్షించును. రక్షించి యామెను 'నా రాజకుమారీ' యని పిలుచును. ఆమె ముఖము చిట్లించుకొని వెడలిపోవును. తాను చేసిన తప్పేమో యతనికిఁ దెలియదు. తరువాతఁ దెలిసిన దేమనఁగా, ఆ గ్రహమున నొక స్త్రీ కొఱకుఁ బోరి గెలిచినవాఁడే యామె నట్లు పిలువవచ్చును. అట్లు పిలుచువాఁడు వివాహ మడుగవలయును. ఈతఁడు వివాహ మడుగక యూరకుండెను. అది యామెకు ఘోరమైన యవమానము. ఈ ఘట్టమును మేము మెచ్చుకొందుము. ఒక్క సంబోధనలో నెంత యధికార మిమిడి యున్నదో యా రచయిత యెఱిఁగి వ్రాసెనో, యెఱుఁగకయే వ్రాసెనో కాని, చక్కఁగఁ బట్టుకొనెను. 'నా' యను నక్షర మొక్కటి చాలును, ఒక మనుష్యుని సొత్తుగాఁ జేయుటకు.

మన సంస్కృత నాటకములు చదివినవారి కిది క్రొత్త కాదు. శాకుంతలము నైదవ యంకమున దుష్యంతుఁడు తన్నెఱుఁగ ననినప్పుడు శకుంతల మొదట 'ఆర్యపుత్రా' యని పిలువఁబోయి, వివాహమే సంశయమున నుండఁగా నీ పిలుపు తగదని తనలో ననుకొని, 'పౌరవా' యని వంశనామముతోఁ బిలుచును. పిమ్మట నతని నిందలు విని 'అనార్యా' యనును. మూఁడు సంబోధనలలో నొక దాంపత్యము కూలిపోయినది. మేము పదవతరగతి వారికిఁ గథ చెప్పునపుడు దీని నెప్పుడును విడువము.

ఇఁక చలనచిత్రముల మాట. అమెరికాలో 'ది జాజ్ సింగర్' 1927 అక్టోబరులో వెలువడిన పిదప బొమ్మలకు నోరు వచ్చెను. మాటలు కావలసివచ్చెను, మాటలు వ్రాయువారును, పలుకువారును నాటకశాలల నుండి రావలసివచ్చెను. మన తొలి టాకీ 'భక్తప్రహ్లాద' సురభి వారి రంగస్థలము నుండి యెట్లు వచ్చినదో, వారి టాకీలును నట్లే రంగస్థలము నుండి వచ్చినవి. చివరి వరుసవానికి వినఁబడునట్లు పలుకుట, చేయి గుండెపై నుంచుకొనుట, వాక్యమును సాగఁదీయుట యను నలవాటులు వెంటవచ్చినవి. 1936లో యూనివర్సల్ వారు 'ఫ్లాష్ గోర్డన్' అను కథను పదుమూఁడు భాగములుగాఁ దీసిరి. వారమున కొక భాగము చొప్పునఁ బ్రదర్శించుచు, ప్రతిభాగము చివర నాయకుని నొక యపాయమునఁ బడవైచి బాలురను మఱుసటివారము రప్పించుకొనువారు. అందు నాయిక డేల్ ఆర్డెన్ పని యెక్కువ భాగము బందీ యగుట, మూర్ఛిల్లుట, నాయకుని పేరు పిలుచుట. ప్రేమసంభాషణమునకు వ్యవధియే లేదు. ఉన్న రెండు మూఁడు మాటలును దీర్ఘనిశ్వాసములతో నిండి యుండును.

దీనికిఁ దోడు మఱియొక కట్టుబాటు చేరెను. 1930లో హాలీవుడ్డు వారు తమ చిత్రములకు నీతినియమావళి నొకటి వ్రాసికొని, 1934 మొదలుకొని దానిని గట్టిగా నమలు జరిపిరి. 1968 దాఁక నది చెల్లుబడి యయ్యెను. దేహస్పర్శను జూపుటకు వీలులేని చోట మాటలే యాలింగనము చేయవలసి వచ్చెను. మే మీ నియమావళిని బొగడము. అందు జాతుల నడుమ స్త్రీపురుష సంబంధమును నిషేధించిన నీచమైన వాక్యము గలదు. అయినను దాని వలన సంభాషణ రచయితల చేతి నేర్పు పదునెక్కిన దనుట సత్యము. చెప్పరానిదానిని జెప్పుటకు వ్యంగ్య మవసరము గదా. మన యాలంకారికులు ధ్వని యనినది యెంత దూరము?

1956లో మెట్రో గోల్డ్విన్ మేయర్ వారు తీసిన 'ఫర్బిడెన్ ప్లానెట్' అను వర్ణచిత్రమును మే మీ విచారమునకు మధ్యమణిగాఁ దలంచుచున్నాము. ఇరువదేండ్ల క్రిందట నొక దూరగ్రహమునకుఁ బోయినవారి యోగక్షేమములు కనుఁగొనుట కొక యోడ పోవును. అచ్చట మార్బియస్ అను పండితుఁడును, అతని కూఁతురు ఆల్టైరాయు, రాబీ యను యంత్రపురుషుఁడును మాత్రమే మిగిలియుందురు. ఆ కన్య తండ్రిని దప్ప నన్యపురుషుని జూచి యెఱుఁగదు. లేళ్లును పెద్దపులియు నామె చెలికాండ్రు. ఇది షేక్స్పియరు 'టెంపెస్ట్' నాటకమునకు ఛాయ యని విమర్శకు లందఱు నెఱుఁగుదురు. మాకు మాత్రము కణ్వాశ్రమమే కనుల ముందు నిలిచినది. ఏకాంత వనము, మృగములతోడి మైత్రి, తపోధనుఁడైన తండ్రి, దండుతో వచ్చిన యధికారి; ఏమి లోపము?

లోప మొక్కటి కలదు. శకుంతల తన వలపును దానే తామరాకుపై గోళ్లతో లిఖించినది. 1611 నాఁటి మిరాండా సంగతియో, వివాహ ప్రస్తావన మామెయే ముందుగాఁ జేయును. ఫెర్డినాండు తరువాతనే యొప్పుకొనును. వేయేండ్లకుఁ బైఁబడిన దొకటి, నన్నూఱేండ్ల నాఁటి దొకటి, ఈ రెండు నాటకములందును గన్య నోట మాట యున్నది. ఇరువదవ శతాబ్దమునఁ బుట్టి, యిరువదిమూఁడవ శతాబ్దమున నివసించు ఆల్టైరా మాట యేమి? ఓడలోని యుద్యోగి యొకఁడు ముద్దిడుట యారోగ్యకరమని నమ్మఁబలికి యామెను ముద్దాడును. అది చూచిన సేనాని ఆడమ్సు వానిని మందలించి యూరకుండఁడు. దోషము పొట్టిబట్టలు కట్టిన యామెదే యన్నట్లు కోపించును. ఆమె తిరిగి యింటికిఁ బోయి, దేహమంతయుఁ గప్పు వస్త్ర మొకటి కుట్టుమని యంత్రపురుషు నాజ్ఞాపించును. ఆమె ప్రశ్నలు చాల నడుగును. ప్రశ్నలకు నవ్వు పుట్టునట్లు రచయిత కూర్చెను. తన యభిప్రాయమును జెప్పుట మాత్రము తక్కువ. తుదకు సేనాని యామెను ముద్దిడిన క్షణముననే చిరకాలము మచ్చికయైన పులి యామెపైకి దుముకును. అతఁడు దానిని భస్మము చేయును. ఇంత చక్కని కల్పన చేసినవారు, పులిని గోల్పోయిన యా పిల్ల యేమనుకొనెనో తగినంతగాఁ బలికింపకుండుట మాకు నేఁటికిని దుఃఖము కలిగించును.

ఈ చిత్రము కళాదృష్టిచే మిక్కిలి గొప్పది. అందలి సంగీతమంతయు బెబే బారన్, లూయీ బారన్ అను దంపతులు విద్యుద్యంత్రములతో సృష్టించినది; అంత దీర్ఘమైన చిత్రమున కట్టి సంగీతము మునుపు లేదు. శ్రవణమునకు నూతనముగా నున్నది నాలుకకు నేల కాకపోయెనో యని మా ప్రశ్న.

దీనికిఁ గొంత సమాధానము మాకుఁ దోఁచినది చెప్పెదము. భవిష్యత్తునకు భాష లేదు. రేపటివాఁ డెట్లు మాటాడునో యెవనికిని దెలియదు. దూరముగా నున్నదని తోఁపించుటకు రచయిత చేతనున్న సాధన మొక్కటియే, అది గడచిన కాలపు భాష. మన పౌరాణిక చిత్రములలో దేవతలు గ్రాంథికము పలుకుట యిందుకే. సంస్కృత నాటకములలో రాజు సంస్కృతము పలుకును, నాయిక ప్రాకృతము పలుకును. ఉన్నతభాష పురుషుని వంతు, ఇంటిభాష స్త్రీ వంతు. విక్రమోర్వశీయమున నీ వ్యవస్థ యాకాశమునఁ గూడఁ జెల్లినది: పురూరవుఁడు రథముపై గగనమున కేఁగి రాక్షసుని చెఱ నుండి యూర్వశిని విడిపించును, ఆమె దేవకాంత యయ్యును బ్రాకృతమునే పలుకును. ఆ నాటకమున నొక చమత్కార మున్నది. స్వర్గములో భరతముని యాడించిన రూపకమున నూర్వశి లక్ష్మి వేషము ధరించి, నీ మన సెవరియం దని యడుగఁగా 'పురుషోత్తముని' యనవలసినచోఁ 'బురూరవుని' యనినది, శాపము పొందినది. వ్రాసియిచ్చిన పాఠమును దప్పి స్త్రీ తన మనసు మాట చెప్పినందులకు శిక్ష!

లూకాస్ సంగతికి వత్తము. అతఁడు మొదట 'ఫ్లాష్ గోర్డన్' కథనే తిరిగి తీయఁగోరి, హక్కులు దొరకక, తానే యొక కథ యల్లుకొనెను. అది 1977లో 'స్టార్ వార్స్' అయ్యెను. ఆ సంభాషణములను జూచి నటుఁడు హారిసన్ ఫోర్డు, వీనిని యంత్రముపై ముద్రించుట సాధ్యమే కాని నోటఁ బలుకుట సాధ్యము కాదని లూకాస్‌తోనే చెప్పినట్లు ప్రసిద్ధి. రెండవ చిత్రము 1980లో వచ్చెను. దాని తొలి ప్రతిని వ్రాసినది లీ బ్రాకెట్ అను స్త్రీ. ఆమె గ్రహాంతర కథలు వ్రాసి పేరు పొందినది; 1946 నాఁటి 'ది బిగ్ స్లీప్' చిత్రమునకు సంభాషణలు కూర్చినవారిలో నొకతె. ఆ ప్రతి నిచ్చిన కొలఁది కాలమునకే, 1978లో, ఆమె మరణించెను. లారెన్సు కాస్డన్ దానిని దిద్దెను. ఆ చిత్రమున రాజకుమారి లేయా తొలిసారి తన ప్రేమను వెల్లడించును. నాయకుఁడు తిరిగి యదే మాట చెప్పక, ఆ సంగతి తా నెఱుఁగుదు ననును. ఆ మాట ముందు వ్రాసినది కాదు, చిత్రీకరణ సమయమున దర్శకుఁడు కెర్ష్నరును, ఫోర్డును గలసి మార్చినది. ప్రాతరీతిని వినువారు చప్పట్లు కొట్టునట్లు పూర్తిగాఁ ద్రోసిపుచ్చిన సన్నివేశ మిది. దానిని మెచ్చుకొనుచునే యొక సంశయము: మనసు విప్పి చెప్పిన పని స్త్రీది, మెప్పు పురుషునిది.

2002 నాఁటి చిత్రమున లూకాస్ బుద్ధిపూర్వకముగాఁ బ్రాతరీతికే తిరిగిపోయెను. తన సంభాషణములు ప్రాతకాలపు సీరియల్ చిత్రముల శైలిలోనివనియు, పరిహాసము లేక నిజాయితీగాఁ జెప్పినవనియు నతఁడు వాదించెను. ఇటలీలో కోమో సరస్సు తీరమునఁ గల పురాతన భవనమున నా దృశ్యములు తీసిరి. లోకము నవ్వెను. అధమచిత్రముల కిచ్చు 'గోల్డెన్ రాస్బెరీ' యను పరిహాసపు బహుమానములలో చిత్రకథారచనకు నిచ్చునది దానికే దక్కెను. మే మా నవ్వులో సగమే పాలుపంచుకొందుము. శైలి దోషము చేత నవ్వు వచ్చినదా? కాదని మా తలంపు. మంటగూటి యొద్ద నాయకుని మాటలలో నతని వేదన యున్నది, అతని శ్వాసకష్ట మున్నది. ఎదుట నున్న స్త్రీ లేదు. ఆమె పద్మే యమిడాలా, ఒకప్పటి రాణి, అప్పటి శాసనసభ్యురాలు, రాజ్యకార్యముల నెఱిఁగినది. దాఁచిన బ్రతు కిద్దఱి నాశనమునకే యని యామె తెలివిగా వారించును. ఆ ప్రత్యుత్తరమును మా బాలు రెవరును వినలేదు. వారింకను నాయకుని పలుకులకే నవ్వుచుండిరి.

తరువాతి చిత్రము 2005లో వచ్చెను. అందు నా యువకుఁడే, యామె కొఱకే సమస్తము చేయుచున్నా నని చెప్పుచు, గర్భవతియైన యామె కంఠమును దన మంత్రశక్తిచే నులుమును. మొదటి చిత్రమునఁ దన్నట్లు చూడవద్దనిన స్త్రీయే యామె. లూకాస్ యీ రెంటిని గలిపి యోచించియే వ్రాసె నని మేము నమ్ముచున్నాము. మన తెలుఁగు చిత్రములలో వలదనిన కన్యను వెంబడించి వెంబడించి యొప్పించిన నాయకునకు మంగళవాద్యములు మ్రోగును. ఇచ్చట నీ యొక్క విషయమున నా విదేశీయుని కథ నిక్కము చెప్పినది.

తెలుఁగున నలంకృత ప్రేమభాషణముపై సందేహమును మనకు గురజాడవారు 1897లోనే నేర్పిరి. బుచ్చమ్మ యెదుట గిరీశము విప్పిన మాటల మూట యందఱికిని దెలిసినదే. అయినను శైలి యెల్ల బూటకమే యనుట యన్యాయము. 1957 నాఁటి 'మాయాబజారు'లో ప్రియదర్శిని యను పెట్టె గలదు. తెఱచి చూచినవారి కత్యంత ప్రియమైనది యందుఁ గనఁబడును. శశిరేఖకు దూరమున నున్న యభిమన్యుఁడు కనఁబడెను, రేవతికి నగలు కనఁబడెను. నేఁడు దూరదేశమున నున్న కుమారునితోఁ జేతిలోని ఫోనున ముఖాముఖి మాటాడు తల్లులకుఁ దెలియును, పింగళి నాగేంద్రరావుగా రేమి యూహించిరో. ఆ పెట్టెలో మొదట జూచునది పురుషుఁడు కాఁడు, కన్య. ఆమె ప్రియమే బొమ్మయై కనఁబడినది. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' వచ్చెను. కాలయంత్ర మెక్కి నాయికానాయకులు 1526 నాఁటి కృష్ణరాయల యాస్థానమునకును, అట నుండి 2504వ సంవత్సరమునకును బోవుదురు. జంధ్యాలగారు రాయల సభకు రాయల నాఁటి తీరును దోఁపించు తెలుఁగును, నేఁటి జంటకు నేఁటి తెలుఁగును వ్రాసిరి. కాలము మాఱిన మాట మాఱవలయు నను నీ చిన్న యెఱుక హాలీవుడ్డు వారికి నంత సులభముగా నలవడలేదు.

సెలవులు ముగిసి బడి తెఱచిన పిదప, మేము పదవతరగతి వారికి 'ఫర్బిడెన్ ప్లానెట్' కథను సంగ్రహముగాఁ జెప్పి, బట్టలను గూర్చి సేనాని కోపించినప్పుడు ఆల్టైరా యేమని బదులు చెప్పవలసినదో వ్రాయుఁ డని యభ్యాస మిచ్చితిమి. గ్రాంథికమునఁ గాని వ్యావహారికమునఁ గాని వ్రాయవచ్చు ననియుఁ జెప్పితిమి. బాలురలోఁ బలువు రామెచేత క్షమాపణము చెప్పించిరి. ఒకఁడు మాత్రము సేనానిచేతఁ జెప్పించెను. బాలికలలో నొకతె నాలుగు పంక్తులు వ్రాసినది. 'ఇది మా ఊరు. మీరు నిన్న వచ్చారు. ఇక్కడ పులి కూడా నన్నేమీ అనలేదు. మీ వాళ్లకు చెప్పవలసింది నాకెందుకు చెబుతున్నారు?' అని. ఆ కాగితమును మా కూఁతురికిఁ జూపితిమి. ఆమె చదివి, ఆ చిత్రము మన యింట నెప్పుడు వేయుదు రని యడిగెను. ఆదివార మని చెప్పియున్నాము.